మా ఇంటి డిసెంబర్ ఉత్తరం

డిసెంబర్ రెండో వారం వచ్చిందంటే మా నాన్న డ్యూటీ నుంచి వస్తూ పోస్టాఫీసులో ఒక ఇన్‌లాండ్ లెటర్ కొనుక్కొచ్చేవాడు. మామూలుగా ఉత్తరాలు రాసే మనిషి కాదు. ఏడాదంతా ఎవరికైనా ఏదైనా చెప్పాలంటే పోస్టుకార్డు మీద నాలుగు ముక్కలు గీకి డబ్బాలో పడేసేవాడు, అందులోనూ సగం అడ్రసే. డిసెంబర్ ఉత్తరం సంగతి వేరు. అది వేలూరులో నర్సుగా పనిచేసే మా మేనత్తకి. నాన్నకి స్వయానా అక్క, పెళ్ళి చేసుకోలేదు, మేమంతా నర్సత్త అనేవాళ్ళం. ఆస్పత్రికి పండగలుండవు కదా, పేషెంట్లు ఎక్కడికి పోతారు, అందుకని క్రిస్మస్‌కి ఆమెకి సెలవు దొరకడం గగనం. ఎండాకాలంలో వచ్చి పదిరోజులుండి పోయేది. కాబట్టి ఆ ఏడాదిలో మేం పిల్లలం ఎంత పెరిగాం, ఏం చదివాం, ఎవరికి పన్ను ఊడింది, ఎవరికి జబ్బు చేసింది, అంతా ఆ నీలం కాగితంలోకి ఎక్కించి క్రిస్మస్‌లోపు ఆమెకి అందేట్టు చూడాలి. నాన్నకి అదొక డ్యూటీ.

మిగతా చుట్టాలకి గ్రీటింగ్ కార్డులే. కవరు అంటించకుండా మూత లోపలికి దోపి, పైన బుక్ పోస్ట్ అని రాస్తే తక్కువ స్టాంపు సరిపోయేది. అయితే అందులో ఉత్తరంలా ఏమీ రాయకూడదు, కింద పేర్లు మాత్రమే. ఆ పేర్లు రాసే పని నాది. నా పేరు కాస్త పెద్దగా రాసుకునేదాన్ని.

మేం ఉండేది సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో. నాన్న క్యారేజ్ వర్క్‌షాపులో ఫిట్టర్. నిజాం రైల్వే రోజుల నాటి వర్క్‌షాపు అది, పొద్దున దాని సైరన్ మోగితే మా వీధికి తెల్లారినట్టు. సొంతూరు డోర్నకల్. అప్పట్లో వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలోకి పోయింది.

ఉత్తరం రాసేది రాత్రి భోజనాలయ్యాక. ట్రంకు పెట్టె మీద పాత పేపరు పరిచి, దాని మీద ఇన్‌లాండ్ పెట్టి, నాన్న బాసింపట్టు వేసుక్కూర్చునేవాడు. నేను ఎదురుగా కూర్చుని తలకిందులుగా చదివేదాన్ని, అట్లా చదవడం నాకు ఇప్పటికీ వచ్చు. మొదట ప్రభువు నామంలో వందనాలు, తర్వాత మేము క్షేమం నీవు క్షేమమని తలుస్తాము, తర్వాత నాయనమ్మ మోకాళ్ళ సంగతి. ఆ తర్వాతే మా వంతు, పెద్ద నుంచి చిన్న. నా దృష్టంతా ఎవరికెన్ని లైన్లు పడుతున్నాయన్న దాని మీదే. తమ్ముడికి ఎప్పుడూ నాకంటే ఎక్కువ. వాడు పుట్టడమే పీలగా పుట్టాడు, చలికాలం వస్తే దగ్గు, ఒకేడు కామెర్లు, ఇంకోయేడు గవదబిళ్ళలు, వాడి గురించి రాయడానికి సరుకుంది. నేను రాయిలా ఉండేదాన్ని. "పెద్దది బాగున్నది. మూడో తరగతి." అంతటితో సరి. ఆరోగ్యంగా ఉన్నందుకు నాకు దక్కిన ఫలం అది.

ఒకసారి పట్టుబట్టాను, నాది ఇంకో లైను రాయి నాన్నా అని. పెన్ను ఆపి, ఏం రాయమంటావో చెప్పు అన్నాడు. ఎంత ఆలోచించినా ఒక్కటీ తట్టలేదు. చివరికి తాడాట వంద దాకా ఆగకుండా ఆడతానని రాయమన్నాను. అమ్మ వంటింట్లోంచి పకపకా నవ్వింది. నాన్న నవ్వకుండా రాశాడు. ఆ ఉత్తరం ఇప్పుడు నా దగ్గరుంది: "పెద్దది తాడాట వంద వరకు ఆడునట." ఆ 'అట' చూడండి, తను కళ్ళారా చూడలేదు కాబట్టి పూచీ తీసుకోలేదన్నమాట.

మా ఇళ్ళలో డిసెంబర్ అంటే డబ్బుల లెక్క కూడా. రైల్వేలో బోనస్ దసరా ముందు ఇస్తారు. పక్క క్వార్టర్ల వాళ్ళు ఆ వారమే బట్టలు తెచ్చుకుని, పిల్లలకి పటాసులు కొని, చేతులు దులుపుకునేవాళ్ళు. మా అమ్మ ఆ డబ్బుని రెండున్నర నెలలు కాపాడాలి. మధ్యలో దీపావళికి మేం పటాసులు కావాలని ఏడవడం, స్కూల్లో ఏదో ఫీజు, ఊళ్ళో ఎవరిదో పెళ్ళి. బియ్యం డబ్బాలో దాచింది, బైబిల్ సంచిలో దాచింది, ఎక్కడ దాచినా నాన్నకి తెలుసు, నాన్నకి తెలుసని అమ్మకీ తెలుసు. డిసెంబర్ మొదటి ఆదివారం ఆరాధన కాగానే జనరల్ బజారుకి పోయి తానులోంచి గుడ్డ కోయించేవాళ్ళు. ఒకే గుడ్డ. దాంట్లోనే నా ఫ్రాకు, తమ్ముడి చొక్కా, మిగిలితే దిండు గలీబు. ఫొటోల్లో మేమిద్దరం, వెనకాల మంచం మీద దిండు, ముగ్గురం ఒకే డిజైన్‌లో ఉంటాం.

టైలర్ దగ్గర అమ్మ ఎప్పుడూ ఒకే మాట: పెరిగే పిల్ల, కింద మడత బాగా పెట్టన్నా. అంటే ఫ్రాకు అంచు లోపలికి జానెడు మడిచి కుట్టడం. మరుసటేడు ఒక మడత విప్పుతారు, ఆ మరుసటేడు ఇంకొకటి. నాకు బాగా గుర్తున్నది ఆకుపచ్చ పువ్వుల ఫ్రాకు. పైనంతా ఉతికి ఉతికి వెలిసిపోయింది, మొదటి మడత విప్పిన పట్టీ కొంచెం ముదురుగా, రెండో మడత విప్పిన పట్టీ కొట్లో ఉన్నప్పటి రంగులోనే, రెంటి మధ్యా పాత కుట్టు పోయిన సన్నటి సూదిపోట్ల వరసలు. అవి కనబడకుండా అమ్మ వాటి మీద రిక్‌రాక్ లేసు వేసేది. తెల్లది ఒక వరస, ఎర్రది ఒక వరస. చర్చిలో ఆడపిల్లల ఫ్రాకులకి ఎన్ని లేసులుంటే అది అన్నేళ్ళ ఫ్రాకు, అందరికీ తెలిసిన లెక్కే, ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు. ఆ ఏడు ఉత్తరంలో నాన్న రాసింది కూడా అదే: "పెద్దదాని ఫ్రాకు రెండో మడత విప్పినాము. ఇక మడత లేదు."

నక్షత్రం నాన్నే కట్టేవాడు. వెదురు బద్దలు, మైదా జిగురు, రంగు కాగితం, లోపల అరవై క్యాండిల్ బల్బు. వర్క్‌షాపులో కోచ్‌లు విప్పి బిగించే మనిషికి ఇంట్లో ఈ ఐదు మూలలూ ఎప్పుడూ సరిగ్గా కుదిరేవి కాదు, ఒక కాలు పొట్టిగా వచ్చేది. పిండివంటలు మామూలే, గరిజెలు, సకినాలు, అరిసెలు, ఇసుక పోసిన గిన్నెలో పెట్టి పొయ్యి మీద కాల్చిన కేకు. దాని అడుగు మాడకుండా వచ్చిన ఏడు నాకు గుర్తులేదు. పళ్ళెంలో పెట్టి పక్కింటి వాళ్ళకి పంపితే సంక్రాంతికి ఆ పళ్ళెం నిండా సకినాలు వచ్చేవి.

రౌండ్స్ మాత్రం చెప్పాలి. చర్చి యూత్ వాళ్ళు డప్పు, కంజిర, పెట్రోమాక్స్ దీపం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడతారు. మా వీధికి వచ్చేసరికి రాత్రి రెండో మూడో. మేం మేలుకొని ఉందామనుకుని నిద్రపోయేవాళ్ళం, ఒక్కసారిగా కిటికీ కింద డప్పు మోగితే తమ్ముడు లేచి ఏడ్చేవాడు. క్రిస్మస్ తాత ముసుగు వేసుకున్నది ఎవరో చెప్పుల్ని బట్టి కనిపెట్టేవాళ్ళం. అమ్మ అంతమందికీ టీ కాచి సిద్ధంగా ఉంచేది. 1990 డిసెంబర్‌లో పాతబస్తీలో గొడవలు, కర్ఫ్యూ, ఆ ఏడు పెద్దవాళ్ళు రాత్రి తిరుగుడు వద్దని, సాయంత్రమే దగ్గర ఇళ్ళకి మాత్రం వచ్చిపోయారు. నాన్న అది కూడా ఒక్క లైన్లో తేల్చాడు: "ఇక్కడ మా వైపు శాంతి. రౌండ్స్ పగలే జరిగినవి, పిల్లలకు సంతోషము లేదు."

కొన్నేళ్ళు క్రిస్మస్‌కి డోర్నకల్ పోయేవాళ్ళం. నాన్న ఆ ఏటి రైల్వే పాసుల్లో ఒక సెట్టు దీనికోసమే దాచేవాడు. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కాజీపేట, వరంగల్, కేసముద్రం, మహబూబాబాద్, గార్ల, ఆ తర్వాత మనూరే. స్టేషన్ దిగి నాలుగడుగులు వేస్తే చెట్ల మీంచి గుడి కనిపిస్తుంది. చూడనివాళ్ళకి చెప్పడం కష్టం, స్తంభాలూ మండపమూ దేవాలయంలా, పైన గుమ్మటాలు మసీదులా, లోపలికి పోతే శిలువ. బిషప్ అజరయ్య కట్టించింది. ఆయన తిరునల్వేలి వైపు తమిళుడు, 1912 డిసెంబర్ 29న కలకత్తాలో అభిషేకమై ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ చర్చి శాఖలో, మొదటి భారతీయ బిషప్ అయ్యాడు, మా తెలుగు పల్లెల మధ్య ఉండిపోయి 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే పోయాడు. మా నాయనమ్మ ఆయన్ని చూసిన మనిషి. ఆమెకి పుట్టిన తేదీలూ సంవత్సరాలూ పట్టవు, అన్నిటికీ గుడే లెక్క. గుడి ప్రతిష్ఠ జరిగింది 1939 జనవరి 6న, ఎపిఫనీ పండగ రోజు. "గుడి ప్రతిష్ఠకి నేను ఓణీ వేసుకున్న", "గుడి లేచిన నాలుగేండ్లకి మీ అత్త పుట్టింది", ఇట్లా చెప్పేది. మమ్మల్ని తీసుకుపోయి ప్రతిసారీ అదే స్తంభం పక్కన నిలబెట్టి చేత్తో ఎత్తు చూసేది. నిరుడు ఇక్కడికి వచ్చినవు, ఇప్పుడు ఇక్కడికి. ఆమె చెయ్యి ప్రతి ఏడూ ఒకేచోట ఆగేదని నాకు నమ్మకం లేదు.

డిసెంబర్ 31 రాత్రి వాచ్ నైట్. ఇది మా పిల్లలకి పెద్ద టెన్షన్. పాటలూ ప్రసంగమూ అయ్యాక అయ్యగారు, "ఈ సంవత్సరం దేవుడు చేసిన మేలులకి సాక్ష్యం చెప్పేవారు చెప్పవచ్చు" అంటారు. ఇక ఒక్కొక్కరే లేస్తారు. ఎవరి కొడుక్కి ఉద్యోగం వచ్చింది, ఎవరికి ఆపరేషన్ బాగా జరిగింది, ఎవరి కూతురు నీళ్ళోసుకుంది, ఏడాది మొత్తం అక్కడ బయటపడుతుంది. ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే, ఊళ్ళో ఏ పేపరూ ఇవ్వని వార్తలు అవి. కొంతమంది క్లుప్తంగా చెప్పి కూర్చుంటారు, కొంతమంది పెట్టుకుంటే పన్నెండు దాటిస్తారు, అయ్యగారు గడియారం చూస్తూ దగ్గుతారు. మా అమ్మ మామూలుగా నలుగురిలో నోరు విప్పని మనిషి, ఆ రాత్రి మాత్రం తప్పకుండా లేచేది. చాప మీద ఆడవాళ్ళ వరసలో ఆమె కొంగు సర్దుకోవడం చూస్తే చాలు, నేను తల మోకాళ్ళ మధ్య పెట్టేసుకునేదాన్ని. "నా కుమారుడికి కామెర్లు వచ్చి కళ్ళు పసుపచ్చగా అయిపోయినప్పుడు..." అని మొదలుపెట్టి, వాడు మూత్రం ఏ రంగులో పోసేవాడో దాకా చెప్పేది. సంఘమంతా స్తోత్రం అనేది. తమ్ముడు మగపిల్లల వరసలో కూర్చుని చెవులు ఎర్రబడిపోయి ఉండేవాడు, పక్కన కుర్రాళ్ళు మోచేత్తో పొడిచేవాళ్ళు. మరి నా కొంటె లెక్క ఎట్లా ఉండేదంటే, ఉత్తరంలో లైన్లు ఎక్కువ కావాలి, సాక్ష్యంలో మాత్రం నా పేరు రాకూడదు.

సరిగ్గా పన్నెండింటికి మోకాళ్ళ మీద ప్రార్థన. బయట పటాసుల చప్పుడు, వర్క్‌షాపు వైపు నుంచి ఇంజన్ల కూతలు. తర్వాత వాగ్దానం చీటీలు, పళ్ళెంలో చుట్టి పెట్టిన వాక్యాలు, ఒక్కొక్కరం ఒక్కటి తీసుకోవాలి. తమ్ముడు నచ్చకపోతే పెట్టేసి ఇంకోటి తీసేవాడు. 1999 వాచ్ నైట్‌లో, రెండువేల సంవత్సరం తేదీ కంప్యూటర్లకి అర్థం కాదట, పన్నెండు కొట్టగానే కరెంటు పోతుంది, కంప్యూటర్లన్నీ ఆగిపోతాయి అని ఎవరో చెప్పి, సగం మంది కొవ్వొత్తులు తెచ్చుకున్నారు. ఏం పోలేదు. ఆ ఏడు ఉత్తరంలో ఉంది: "బాబు అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు నేర్చుకొనుచున్నాడు. రెండువేల సంవత్సరం వల్ల ఉద్యోగాలు చాలా వచ్చినవట." ఇక్కడా 'అట'నే.

అత్త 2001లో రిటైరై డోర్నకల్ వచ్చేసింది. దాంతో డిసెంబర్ ఉత్తరం ఆగిపోయింది. అంతకుముందే ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి, రాత్రి పదకొండు దాటాక రేటు తగ్గుతుందని నాన్న మమ్మల్ని నిద్రలేపి తీసుకుపోయి అత్త ఉండే హాస్టల్‌కి ఫోన్ చేయించేవాడు, మీటర్ వైపు చూస్తూ మాట్లాడే మాటల్లో ఏముంటుంది, బాగున్నారా బాగున్నాం. ఉత్తరం మాత్రం దాని పాటికది నడిచింది.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. నిరుడు క్రిస్మస్‌కి డోర్నకల్ పోయినప్పుడు అత్త అలమరలోంచి ఒక పెద్ద ఎక్స్‌రే కవరు తీసి నా చేతిలో పెట్టింది. ఖాకీ రంగు, చివర్లు చిరిగి ప్లాస్టర్ వేసి ఉంది. లోపల నాన్న ఉత్తరాలు, ఏడాది వరసలో, గాజుగుడ్డ పట్టీతో కట్టి. ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు పైగా చేసిన మనిషి సర్దే పద్ధతి అట్లాగే ఉంటుంది.

విప్పి చదివితే నాకు తెలిసిన ఉత్తరాలు కాదవి. నేను తలకిందులుగా చూసింది నాన్న రాత మాత్రమే. అత్త వాటి మీద పెన్సిల్‌తో పని చేసింది. తమ్ముడి దగ్గు అన్నచోట కింద గీత, పక్కన ప్రశ్నార్థకం, మార్జిన్‌లో "రాత్రా? పగలా?" అని. నాయనమ్మ మోకాళ్ళ దగ్గర ఏదో మందు పేరు. నాకు అప్పుడు అర్థమైంది, మా పండగ కబుర్లని ఆమె కేస్ షీట్లలా చదివింది.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పటి ఉత్తరం చూడండి. "పెద్దది హాఫ్ ఇయర్లీలో లెక్కలు తప్పినది. నేను కొట్టలేదు. ట్యూషన్ పెట్టవలెనా నీవు చెప్పుము." దాని పక్కన పెన్సిల్‌తో "కళ్ళు?" అని ఒక్క మాట. ఆ జనవరిలో ఆమె దగ్గర నుంచి కార్డు రావడం, నాన్న నన్ను రైల్వే ఆస్పత్రికి తీసుకుపోవడం, బోర్డు మీద కింది మూడు వరసలు నాకు అసలు కనబడకపోవడం, అదంతా నాకు గుర్తుంది. కళ్ళజోడు వచ్చింది, లెక్కలూ వచ్చాయి, మరీ గొప్పగా కాదనుకోండి. కానీ అది ఎక్కడి నుంచి మొదలైందో ముప్పై అయిదేళ్ళ తర్వాత ఈ కాగితం చూస్తే గానీ తెలియలేదు.

ఇన్‌లాండ్‌కి మడిచి అంటించే చిన్న రేకు ఉంటుంది కదా, అది అమ్మది. నాన్న మూడు పేజీలూ నింపి, చివర "మిగతా విషయములు నీ మరదలు రాయును" అని వదిలేసేవాడు. అమ్మ దాంట్లో అడ్డంగా చీమల్లాంటి అక్షరాలతో రాసేది. నాన్న చదవకూడని సంగతులన్నీ ఆ రేకులోనే. చెల్లి కడుపులో ఉన్నప్పుడు "వదినా, మూడో నెల, ఈ వయసులో సిగ్గుగా ఉంది, నువ్వు ఎవరితో అనకు." నేను పెద్దమనిషినైన ఏడు "పెద్దది పెద్దదైంది, కడుపునొప్పికి మెలికలు తిరుగుతుంది, ఏం ఇవ్వాలి." ఒకేడు నాన్న భాగంలో "ఈసారి బట్టలు పిల్లలకు మాత్రమే తీసినాము, మాకు నిరుటివి కొత్తగానే ఉన్నవి" అని ఉంటే, రేకులో అమ్మ అసలు సంగతి చెప్పింది, చిట్టీ నడిపినాయన కనబడకుండా పోయాడని, బోనస్ మొత్తం అందులోనే ఉందని. ఆ క్రిస్మస్‌కి మాకు గుడ్డల్లో గానీ గరిజెల్లో గానీ ఏ లోటూ కనబడలేదు. అత్త మనియార్డర్ పంపిందని నాకిప్పుడు తెలుసు, ఎందుకంటే ఆ ఉత్తరం మూల పెన్సిల్‌తో తేదీ, పక్కన "ఎం.ఓ." అని ఉంది.

తమ్ముడు టెక్సాస్‌లో ఉంటాడు. వాడు ఏటా డిసెంబర్‌లో అక్కడి పద్ధతిలో ఒక కార్డు అచ్చు వేయించి పంపుతాడు. దళసరి కాగితం, ముందు నలుగురూ ఒకే రకం చలి బట్టల్లో, వెనకాల ఆ ఏడాది విశేషాలు. ఈసారి పెద్దాడికి పదిహేను నిండి కారు నేర్చుకునే పర్మిట్ వచ్చిందని, చిన్నది స్విమ్మింగ్‌లో మెడల్ తెచ్చిందని. అన్నీ మంచివే, ఒక్క దగ్గు లేదు, ఒక్క సబ్జెక్ట్ తప్పలేదు. చూడ్డానికి బాగుంటుంది, ఫ్రిజ్ మీద పెట్టుకుంటాం. కానీ అది అందరికీ రాసింది, కాబట్టి ఎవరూ చేయాల్సిందేమీ ఉండదు. ఒకటి మాత్రం గమనించాను, ఇద్దరు పిల్లలకీ సరిగ్గా నాలుగేసి లైన్లు. ఫోన్ చేసి, ఏరా కొలిచి రాశావా అంటే, నువ్వు చిన్నప్పుడు చేసిన గొడవ మర్చిపోతానా అక్కా అన్నాడు.

మా ఇంట్లో ఇద్దరు. కూతురు ఇంటర్ సెకండియర్, కొడుకు ఎనిమిదో తరగతి. అమ్మాయి కాలేజీకి క్రిస్మస్ అంటే ఇరవై ఐదో తారీఖు ఒక్కరోజు. పొద్దున ఆరున్నరకి బస్సు, రాత్రి ఎనిమిదికి ఇల్లు, ఆదివారం టెస్టు. అబ్బాయి ఈ ఏడాదే గొంతు మారింది, ఫోనెత్తితే వాళ్ళ నాన్ననుకుని ఆఫీసు సంగతులు చెప్పేస్తున్నారు. చెప్పులు వాళ్ళ నాన్నవీ వాడివీ ఒకటే సైజు, పొద్దున గుమ్మంలో రోజూ తగువే.

ఎక్స్‌రే కవరు తెచ్చుకున్నాక ఈ డిసెంబర్‌లో నేనూ ఉత్తరం రాశాను. అత్తకి ఎనభై రెండు, ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, ఫోన్‌లో పంపితే చదవదు, కాగితం కావాలంటుంది. ఇన్‌లాండ్ పోస్టాఫీసులో ఇంకా దొరుకుతోంది, రెండున్నర రూపాయలు, కౌంటర్‌లో అమ్మాయి నన్ను ఒకటికి రెండుసార్లు చూసి ఇచ్చింది. పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెడితే రెండు పేజీల్లో చోటయిపోయింది. రాశాక టేబుల్ మీద పెట్టి పడుకున్నాను. తెల్లారి చూస్తే మా అమ్మాయి చదివినట్టుంది, ఒక లైను నల్లపెన్నుతో గట్టిగా కొట్టేసింది. పక్కన, "నన్ను అడక్కుండా నా గురించి రాయొద్దు" అని. నిజమే, మమ్మల్ని అప్పట్లో ఎవరడిగారు, వాచ్ నైట్‌లో తమ్ముడి కామెర్లు ఊరంతటికీ తెలిశాయి. దీనికి ఇప్పుడు ఆ హక్కుంది, ఉండాలి కూడా. నేను కొట్టేసిందాన్ని అట్లాగే ఉంచి పోస్టు చేశాను.

అయిదో రోజు అత్త ఫోను. క్షేమసమాచారాలేం లేవు, నేరుగా, "ఆ కొట్టేసిన లైను ఎండకి పెట్టి చూసిన. పొద్దున ఏం తినకుండ పోతుంది, మెట్లెక్కితే ఆయాసపడుతుంది అని రాసినవు. కనురెప్ప కింద తెల్లగుందా?" అంది. చూస్తే తెల్లగానే ఉంది. నువ్వు రక్తం చూపియ్యి, దాన్ని ఏమనకు, ఫోను దానికియ్యి అంది. తలుపేసుకుని ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు, ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.

రిపోర్టులో హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నర. పన్నెండైనా ఉండాలట, డాక్టర్ ఐరన్ మాత్రలు రాశారు. మాత్ర టీతో వేసుకోవద్దు, టీకీ దానికీ గంటైనా ఎడం ఉండాలి, నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది అని అత్త చెబితే, ఇంట్లో నా మాట వినని పిల్ల పొద్దున్నే తనే నిమ్మకాయ కోసుకుంటోంది. అబ్బాయి గురించి కూడా అడిగింది, రాత్రిళ్ళు కాళ్ళు నొప్పులంటున్నాడని రాసినవు కదా, రెండు కాళ్ళా ఒక్క కాలా అని. రెండూ అన్నాను. అయితే ఫర్వాలేదు, పెరుగుతున్నడు, నూనె రాసి పడుకోబెట్టు, ఒక్క కాలే అంటే మాత్రం నాకు చెప్పు అంది.

జనవరి ఆరు దాటాక ఏదో ఒక ఆదివారం చూసుకుని అందరం డోర్నకల్ పోవాలనుకుంటున్నాం. అమ్మాయికి ఆదివారం టెస్టు లేకపోతే. ఈలోపు మాత్రలు నెల రోజులు పూర్తయ్యాక మళ్ళీ రక్తం చూపించి నంబరు ఎంతొచ్చిందో కార్డు రాయమంది, ఫోన్‌లో చెబితే తనకి గుర్తుండదట.